చవితి పత్రి కట్టలో విష్ణుక్రాంత: విజయనగరం, శ్రీకాకుళం బజార్లలో ఏది చూసి కొనాలి

వినాయక చవితి ముందురోజు విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళంలో పొట్టి శ్రీరాములు మార్కెట్ దగ్గర గోనెపట్టాలు పరుచుకుని అమ్మే పత్రి కట్టలు కొనదగ్గవే. దగ్గర ఊళ్లవాళ్లు అప్పటికప్పుడు కోసి తెచ్చే ఆకు అది. ప్లాస్టిక్ సంచిలో చెమర్చి నల్లబడిన ప్యాకెట్ పత్రితో దానికి పోలికే లేదు. గరిక, మారేడు, రేగు, రావి, జమ్మి, జిల్లేడు, ఉత్తరేణి సరిగ్గానే ఉంటాయి. పొలంగట్ల మీద రోజూ కనబడే ఆకులు కాబట్టి అమ్మేవాళ్లు వాటిలో పొరబడరు. చూసుకోవలసింది విష్ణుక్రాంత, మాచిపత్రి, దేవదారు. అందులోనూ విష్ణుక్రాంత విషయంలో తికమక ఎక్కువ.

విష్ణుక్రాంత అంటే విష్ణువు అడుగు పడినది అని అర్థం. నేలకు అంటుకుని పెరిగే మొక్కకు బాగా అమరిన పేరు. శాస్త్రనామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప కుటుంబానిదే అయినా దేన్నీ చుట్టుకుని పైకి పాకదు. వేరు మొదలు నుంచి సన్నటి కాడలు నాలుగు వైపులా పరుచుకుంటాయి. ఆకు పొడవు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లు, తొడిమ దాదాపు ఉండదు. ఆకు మీద, కాడ మీద మెత్తటి నూగు ఉంటుంది. ఎండకు ఎదురుగా పట్టి చూస్తే ఆ నూగు తెల్లగా మెరుస్తుంది. పువ్వు లేత నీలం, నడుమ తెలుపు, వెడల్పు సెంటీమీటరు లోపే. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. అందుకని సాయంత్రం కొన్న కట్టలో నీలిపువ్వు కనబడకపోతే అది విష్ణుక్రాంత కాదని పక్కన పెట్టేయొద్దు. నూగు చూసి తేల్చుకోండి.

కట్టల్లో దీని బదులు తరచుగా వచ్చేది శంఖుపుష్పం తీగ. దింటెన అన్నా ఇదే. పెరటి కంచెల మీద అల్లుకుంటుంది. ఒక్కో రెమ్మకు ఐదు నుంచి ఏడు చిట్టి ఆకులు, నాలుగైదు సెంటీమీటర్ల ముదురు నీలం పువ్వు, ఆ తర్వాత బల్లపరుపు కాయ. ఒక్కసారి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ జన్మలో పొరబడరు. అలాగని అమ్మేవాళ్లను మోసగాళ్లనడం అన్యాయం. సంస్కృతంలో అపరాజిత అనే ఈ తీగకు కూడా విష్ణుక్రాంత అన్న పేరుంది, నిఘంటువులు రెండు మొక్కలకూ ఆ మాట ఇస్తాయి. పైగా తీగ ఒక్క గుంజుకు కట్ట నింపేస్తుంది. నేల మొక్కను ఒక్కొక్కటిగా ఏరాలి, ఎంత ఏరినా పిడికెడు కాదు. కాబట్టి ఉత్త పేరు చెప్పి అడిగితే చాలదు. "నేలమీద పాకేది, చిన్న నీలిపువ్వుది, నూగుండేది కావాలమ్మా" అని గుర్తులు చెప్పండి. తెలిసినవాళ్లయితే గోనె కింద నుంచి వేరే చిన్న కట్ట తీసి ఇస్తారు. వానాకాలంలో గరువు నేలల్లో, రాళ్ల దిబ్బల మీద పచ్చిక మధ్య ఇది మొలుస్తుంది, ఓపిక ఉంటే మీరే ఏరుకోవచ్చు.

పూజకు ఏది పెట్టాలన్నది మీ ఇంటి ఆనవాయితీ. మందుకు మాత్రం అలా సర్దుకోవడం కుదరదు. మూలికల కొట్లలో శంఖపుష్పి పేరుతో అమ్మే సరుకుదీ ఇదే చిక్కు. ఏ మందు పేరు ఏ మొక్కదో తేల్చి చెప్పే అధికారిక గ్రంథం భారత ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం శంఖపుష్పి అంటే కన్వాల్వులస్ ప్లూరికాలిస్ అనే మరో మొక్క. కేరళలో ఆ పేరుతో వాడేది శంఖుపుష్పం తీగ. ఎండిన విష్ణుక్రాంత కూడా ఇదే పేరుతో చలామణీ అవుతుంది. పొడి చేశాక ఏది ఏదో కంటికి తెలియదు, అందుకే పొడి ప్యాకెట్ వద్దు. వేరుతో సహా ఎండబెట్టిన మొక్క అడగండి. మెలికలు తిరిగిన తీగ, కాయ తునకలు కనబడితే అది శంఖుపుష్పం. మిగతా రెండింటికీ ఎండాక తేడా పట్టడం చేయి తిరిగిన వైద్యుల పని, వాళ్లకు చూపించకుండా వాడొద్దు.

మాచిపత్రి కొనేటప్పుడు ఆకు తిరగేసి చూడండి. అడుగున తెల్లటి నూగు, నలిపితే ఘాటైన సువాసన ఉండాలి. ఈ రెండూ లేకపోతే అది వయ్యారిభామ అయ్యే అవకాశం ఉంది. ఆకు చీలికలు దాదాపు మాచిపత్రిలాగే ఉంటాయి గానీ అది పడనివాళ్లకు చర్మం మీద దద్దుర్లు, దురద తెస్తుంది. పూజలో పిల్లలు కూడా పత్రి ముట్టుకుంటారు కాబట్టి ఇక్కడ మొహమాటం వద్దు, తీసి పారేయండి.

దేవదారు మన నేలలో పెరగదు, అది హిమాలయాల చెట్టు. ఇక్కడ ఆ పేరుతో నరమామిడి కొమ్మ ఇస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు; పొరుగున ఒడియాలో నరమామిడినే దేవదారు అంటారు. అసలైనదే కావాలని పట్టుబట్టి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

కొన్నాక కట్ట విప్పేయాలి. బిగించిన దారం కింద ఆకులు వేడెక్కి రాత్రికే నల్లబడతాయి. విడదీసి, నీళ్లు చల్లి, తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి నీడన పెడితే మర్నాటి పూజకు తాజాగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే తులసి నల్లబడుతుంది. జిల్లేడు తుంచితే పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం. ఆ ఆకులు పెద్దవాళ్లే సర్ది చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పూజ అయ్యాక పత్రిని ఆవులకూ మేకలకూ వేయొద్దు. అందులో ఉమ్మెత్త, గన్నేరు ఉంటాయి, రెండూ విషమే. గన్నేరు ఎండిపోయినా విషం పోదు. పశువులు రాని చోట గొయ్యి తీసి మట్టి కప్పండి.