నార్త్ సీమూర్ పగటి పడవ: డాఫ్నే దగ్గర ఇంకొంతసేపు ఆగవలసింది

పసిఫిక్ సముద్రంలో ఈక్వెడార్‌కు చెందిన గలపాగోస్ దీవులకు వెళ్లి, పడవ ప్రయాణానికి ఒక్క రోజు మాత్రమే కేటాయించగలిగినవారికి, శాంటా క్రూజ్ ద్వీపం నుంచి నార్త్ సీమూర్ అనే చిన్న ద్వీపానికి నడిచే పగటి పడవనే నేను సూచిస్తాను. పక్షులు చాలా దగ్గరగా కనిపిస్తాయని అందరూ దీనిని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది మరొకందుకు: ఒకే తిండి కోసం పోటీపడే జాతులు ఒకదానినొకటి ఎలా మారుస్తాయో ఇంత తక్కువ దూరంలో ఇంత స్పష్టంగా తెలియజేసే దారి మరొకటి నాకు తెలియదు.

శాంటా క్రూజ్‌లోని పోర్టో అయోరా పట్టణం నుంచి బస్సులో ద్వీపాన్ని అడ్డంగా దాటించి, ఇటబాకా కాలువ దగ్గర పడవ ఎక్కిస్తారు. జాతీయ ఉద్యానవనం అనుమతి పొందిన గైడ్ లేకుండా సీమూర్‌పై దిగనివ్వరు. ఒక గైడ్ వెంట 16 మందికి మించి ఉండకూడదు, జంతువులకు 2 మీటర్ల దూరం పాటించాలి. ఈ నియమాలను మా బృందం చేత ఓపికగా, గట్టిగా పాటింపజేశారు. భోజనం సాధారణంగా ఉంది.

సీమూర్ కాలిబాట పక్కనే నీలికాళ్ల బూబీలనే సముద్రపక్షులు గూళ్లు పెడతాయి. బూబీలలో మరో రెండు జాతులు కూడా ఈ దీవులలో ఉన్నాయి. నీలికాళ్లవి ఒడ్డుకు దగ్గరలోనే చేపలు పడతాయి, నాజ్కా బూబీ అంతకంటే కొంత దూరం వెళ్తుంది, ఎర్రకాళ్లది నడిసముద్రం దాకా పోతుంది. గూళ్లు కూడా వేరు: మొదటి రెండూ నేలమీద గుడ్లు పెడితే, ఎర్రకాళ్లది చెట్లు, పొదలు వెతుక్కుంటుంది. ఎర్రటి గొంతుసంచిని ఉబ్బించే ఫ్రిగేట్ పక్షులలోనూ ఇక్కడ రెండు జాతులు పక్కపక్కనే గూళ్లు కడుతున్నా, ఒకటి తీరం వెంబడి, మరొకటి దూరపు సముద్రంలో మేత వెతుక్కుంటాయి. జీవశాస్త్రం నిచ్ అని పిలిచే బతుకుతావును ఇంతకంటే సులువుగా ఏ తరగతి గదిలోనూ చూపించలేరు. అయితే ఈ పంపకాన్ని చూసి, దానికి పోటీయే కారణమని వెంటనే తేల్చలేము. అది ఎప్పుడో జరిగిపోయింది, జరుగుతున్నప్పుడు చూసినవారు లేరు.

జరుగుతున్నప్పుడు చూసిన చోటు డాఫ్నే మేజర్. సీమూర్‌కు పశ్చిమంగా, సముద్రంలోంచి నిలువుగా లేచిన అగ్నిపర్వత శిఖరం అది. వైశాల్యం అర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. జీవశాస్త్రజ్ఞులైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో ఇక్కడ ఫించ్ పిట్టలకు గుర్తింపు కడియాలు తొడిగి, ముక్కులు కొలవడం మొదలుపెట్టి, దాదాపు నలభై ఏళ్లు కొనసాగించారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయాక, మన పొలాల గట్లమీది పల్లేరుకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క ముళ్లకాయలే ప్రధానంగా మిగిలాయి. వాటిని పగలగొట్టగలిగిన పెద్ద ముక్కు పిట్టలే మధ్యరకం నేల ఫించ్‌లలో ఎక్కువగా బతికాయి, తరువాతి తరంలో సగటు ముక్కు పెరిగింది. 1982 చివరలో పెద్ద నేల ఫించ్‌లు కొన్ని ఈ ద్వీపంపై స్థిరపడ్డాయి. మధ్యరకం పిట్ట సుమారు 18 గ్రాములుంటే ఇవి 30 గ్రాముల దాకా తూగుతాయి, అవే కాయలను ఎంతో వేగంగా పగలగొట్టగలవు. వీటి సంఖ్య బాగా పెరిగిన తరువాత 2003లో మళ్లీ కరువు మొదలైంది. ఈసారి ముళ్లకాయలను పెద్ద ఫించ్‌లు ఊడ్చేయడంతో, 1977లో ఏ పెద్ద ముక్కులు ప్రాణం నిలిపాయో అవే భారమయ్యాయి. చిన్న గింజలతో సరిపెట్టుకోగలిగిన చిన్న ముక్కు పిట్టలు మిగిలాయి, సగటు ముక్కు తగ్గింది. ద్వీపం అదే, మొక్క అదే, కరువూ అలాంటిదే, కానీ పోటీదారు వచ్చి చేరడంతో పరిణామం ఎదురు దిశకు తిరిగింది. 2006లో వెలువడిన ఈ ఫలితాన్ని లక్షణ స్థానభ్రంశానికి, అంటే ఒకే తిండికి పోటీపడే జాతుల లక్షణాలు ఒకదానికొకటి దూరంగా జరగడానికి, బలమైన నిదర్శనంగా శాస్త్రజ్ఞులు గౌరవిస్తారు.

ఇంత విలువైన చోట మా పడవ వేగం కూడా తగ్గించలేదు. డాఫ్నేపై దిగే అనుమతులు చాలా పరిమితమని తెలుసు, దిగాలని నేను కోరడం లేదు. చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిప్పి, రెండు కరువుల కథను పది నిమిషాలు చెబితే చాలు. గైడ్‌కు ఆ కథ బాగా తెలుసు, అడిగితే ఆనందంగా చెప్పారు కూడా. చెప్పడానికి సమయం ప్రణాళికలోనే లేదు, ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. టికెట్ తీసుకునే ముందే డాఫ్నే చుట్టూ తిప్పుతారా అని అడిగి, తిప్పే పడవనే ఎంచుకోండి.

ఫించ్‌లను దగ్గరగా చూడాలంటే పోర్టో అయోరా నుంచి టాక్సీలో ఎల్ గర్రపటేరో తీరానికి వెళ్లాలి. అక్కడికి గైడ్ అవసరం లేదు. అక్కడి మధ్యరకం ఫించ్‌లలో పెద్ద ముక్కువి, చిన్న ముక్కువి రెండు గుంపులుగా తేలతాయి. పోర్టో అయోరా పక్కన ఒకప్పుడు ఉన్న అదే తేడా, జనాభా పెరిగి మనుషుల తిండి పిట్టలకు దొరకడం మొదలయ్యాక చెరిగిపోయింది. అందుకే అక్కడ పిట్టలకు బిస్కెట్ ముక్క కూడా వేయవద్దు. ఉద్యానవన ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి చాలా దేశాల పెద్దలకు 200 డాలర్లు. పడవ ఖర్చు దానికి అదనం.