పసికందు ఫొటోల లేస్ డ్రెస్సుకి మొహైరా, మెరినోనా?

ఫొటోలో మొహైర్-సిల్క్ ఊలు (అంగోరా మేక బొచ్చు, పట్టు కలిపిన దారం) అందమే వేరు. దారం చుట్టూ ఉండే సన్నటి నూగు పట్టి ఉంచుతుంది కాబట్టి 4 మిల్లీమీటర్ల సూదులతో వదులుగా అల్లినా గళ్లు తేలిగ్గా జారవు. చిక్కల్లా తప్పు అల్లినప్పుడే. నూగు పెనవేసుకుపోయి, విప్పబోతే దారం తెగుతుంది. అందుకే పది వరసలకోసారి వేరే రంగు నున్నటి దారాన్ని గళ్లలోంచి దూర్చి ఉంచాలి. తప్పు దొరికితే అక్కడిదాకా విప్పితే చాలు. ఊడిన నూగు పాప నోట్లోకి పోతుంది, టోపీకి మాత్రం మొహైర్ వద్దు.

మెరినోని (మెరినో గొర్రెల మెత్తటి ఊలు) మళ్లీ మళ్లీ విప్పి అల్లుకోవచ్చు, మొదటిసారి అల్లేవాళ్లకి ఇదే మేలు. కాకపోతే సూది మీంచి తీయగానే లేస్ ముడుచుకుని ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిండకుండా టవల్లో నొక్కి, పిన్నులతో సాగదీసి ఆరబెడితేనే డిజైన్ విచ్చుకుంటుంది.

ఏ ఊలైనా కొసలు లోపల దాచి కుట్టాలి. వదులు దారం కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది.