నెల్లూరా, కొత్తపట్నమా? చేపల కోసం వచ్చేవాళ్లకు

సెలవులు దగ్గరపడితే చాలు, హైదరాబాద్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. చేపలు తినడానికే వస్తున్నాం, నెల్లూరులో దిగాలా, ఒంగోలులో దిగి సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం వెళ్లాలా అని. రెండూళ్ల మధ్య హైవే మీద దాదాపు 120 కిలోమీటర్లు. ఒక్క రోజులో రెండూ అంటే తిన్నదానికన్నా తిరిగిందే ఎక్కువవుతుంది.

నేను ఎదురడిగేది ఒకటే: ఏ నెలలో వస్తున్నారు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. మరబోట్లు, ఇంజన్ పడవలు సముద్రంలోకి పోవు. పిల్లల బడి సెలవులు సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో కొత్తపట్నం ఒడ్డున తెడ్డు పడవలు తెచ్చిన కాసిని చేపలు దొరికితే అదృష్టం. లేదంటే ఐస్‌లో పెట్టిన సరుకు, గుంటల్లో పెంచిన వనామీ రొయ్యలు. వనామీ మీ వీధి చివర కూడా దొరుకుతుంది కదా!

నెల్లూరు పులుసుకు ఈ గొడవ లేదు. దానికి పేరు తెచ్చిన కొరమీను, బొమ్మిడాయిలు రెండూ మంచినీటి చేపలే. మైపాడు బీచ్‌కు పోయి కొరమీను కోసం వెతికేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి మార్కెట్లో తొట్టిలో ప్రాణంతోనే ఉంటుంది, తాజాదా కాదా అన్న అనుమానమే అక్కర్లేదు. పైగా ఎండాకాలం పచ్చిమామిడి కాలం. ఉత్త చింతపండు పులుసు ఏడాది పొడవునా ఉండేదే. మామిడికాయ ముక్క పడితే ఆ పులుపు దారే వేరు. గరిట పెట్టకుండా దాక పట్టుకుని తిప్పితే ముక్క చెదరదు. దించాక కొన్ని గంటలు ఆగాలి, ముక్కకు ఉప్పూ పులుపూ పట్టాలి. రాత్రి వండి పొద్దున తింటే ఇంకా మేలు. అందుకే పొద్దున్నే పులుసు దించి మధ్యాహ్నం వడ్డించే హోటల్ వెతుక్కోండి, వేడి తెల్లన్నంలో తినండి. బిర్యానీలో పోసుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

చలికాలమైతే కొత్తపట్నానికే ఓటు. కాకపోతే పొద్దున్నే ఉండాలి. పడవలు ఒడ్డుకు చేరగానే చేపల వేలంపాట మొదలవుతుంది. పెద్ద వంజరాల మీద ఆశ పెట్టుకోకండి, వాటిని వ్యాపారులు ఎత్తుకుపోతారు. గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్లను అడిగి నెత్తళ్లు, కానాగంతలు తీసుకోండి, అదృష్టముంటే చందువా. వాటిని పులుసు పెట్టించి పాడుచేయొద్దు. నీళ్లలోంచి వచ్చిన పూటే ఉప్పు, కారం, పసుపు రాసి వేయించాలి. ఆ రుచి ఊళ్లో ఏ హోటల్లోనూ రాదు. తీరిగ్గా పదకొండింటికి వెళితే ఇసుక, కాకులు.

పులికాట్ సరస్సు సంగతీ అడుగుతుంటారు. పక్షుల కోసం వెళ్లండి, పీతలు దొరికితే తినండి.

ఏ నెలలో వస్తారో తేల్చుకోలేకపోతే నెల్లూరే రమ్మంటాను. అక్కడ ఏ కాలంలోనైనా ఏదో ఒక పులుసు ఉంటుంది. పార్శిల్ కట్టించుకుపోయినా పులుసు దారిలో రుచి పెంచుకుంటుంది. కొత్తపట్నం వేపుడు ఒంగోలు దాటేలోపే మెత్తబడిపోతుంది.