ట్రెమొలో రంధ్రాలు కలవకపోతే: బ్రిడ్జ్ మార్చాలా, రంధ్రాలు పూడ్చాలా?

స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా కిట్ గిటార్‌కి, అంటే విడిభాగాలు కొని మనమే బిగించుకునేదానికి, ఆరు స్క్రూల ట్రెమొలో (తీగల శ్రుతిని మార్చేలా కదిలే బ్రిడ్జ్; బ్రిడ్జ్ అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం) పట్టడం లేదంటే ముందు కొలవండి. మొదటి, చివరి రంధ్రాల మధ్యబిందువుల దూరం సాధారణంగా 52.5 మిల్లీమీటర్లో, 56 మిల్లీమీటర్లో ఉంటుంది. ఒకదాని బ్రిడ్జ్ రెండోదానికి సరిపోదు.

ఖర్చు: మారిస్తే కొత్త బ్రిడ్జ్ కొనాలి. పూడిస్తే చెక్క డోవెల్ (గుండ్రటి చెక్క పుల్ల), వుడ్ గ్లూ చాలు.

శ్రమ: మార్చడం కాసేపటి పని. పూడిస్తే జిగురు రాత్రంతా ఆరాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఒక్కో అంచు రంధ్రం జరగాల్సింది 1.75 మిల్లీమీటర్లే. పూడ్చకుండా డ్రిల్ పెడితే బిట్ పాత రంధ్రంలోకే జారిపోతుంది, స్క్రూ వంకరగా దిగుతుంది, ఇక ట్రెమొలో స్క్రూలకు పట్టేసి ట్యూనింగ్ నిలవదు. గట్టి చెక్కతో పూడ్చి, గుర్తు మీద సూదిమొనతో చిన్న గుంట చేసి, డ్రిల్ నిటారుగా దించండి. కొత్త బ్రిడ్జ్‌కయితే బ్లాక్ (బ్రిడ్జ్ కింద బాడీలోకి దిగే లోహపు దిమ్మ) లోతు చూసుకోవాలి. బాడీ పల్చనిదైతే బ్లాక్ వెనక్కి పొడుచుకొస్తుంది.

రంధ్రాల వరస తిన్నగా ఉండి దూరం ఒక్కటే తేడా అయితే బ్రిడ్జ్ మార్చండి, నా ఓటు దానికే. అదే వరసే వంకరగా ఉన్నా, 648 మిల్లీమీటర్ల స్కేల్‌కి (తీగ మోగే పొడవుకి) శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) అందకపోయినా ఎన్ని బ్రిడ్జ్‌లు మార్చినా లాభం లేదు. పూడ్చాల్సిందే.