క్విజనేర్ రాడ్లు, 74 కడ్డీల సెట్: ఇంటి బడి లెక్కల ప్రణాళికలో ఎంతవరకు ఆదుకుంటాయి?

హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టేవాళ్ల సామాన్ల జాబితాలో ఈ డబ్బా ఎలాగూ చేరిపోతుంది. పది రంగుల్లో, పది పొడవుల్లో కడ్డీలు, అంతకుమించి అందులో ఏమీ ఉండదు. తీర్పు ముందే చెప్పేస్తాను. నాలుగేళ్ల పిల్లల నుంచి పదకొండేళ్ల పిల్లల దాకా పనికొచ్చే లెక్కల సామాను ఇంత చిన్న డబ్బాలో మరొకటి దొరకడం కష్టం. అయితే డబ్బా ఇంటికొచ్చినంత మాత్రాన సిలబస్ వచ్చినట్టు కాదు. ఏ రంగువి ఎన్ని ఉన్నాయో చూసుకోకుండా ఏడాది ప్రణాళిక రాసుకుంటే, ఏదో ఒక రోజు పాఠం మధ్యలో కడ్డీలు అయిపోయి ఆగిపోతుంది. పిల్లలకు అర్థం కాలేదని మనం అనుకునేవి కొన్ని నిజానికి కడ్డీలు చాలని పాఠాలే.

వీటిని తయారుచేసినవాడు బెల్జియం బడిపంతులు జార్జ్ క్విజనేర్. 1950ల్లో వీటిని ప్రపంచమంతా తిప్పి, వీటితో లెక్కలు నేర్పే పద్ధతిని పెంచినవాడు కేలెబ్ గాటెన్యో. కడ్డీ అడ్డుకొలత అన్నిటికీ ఒకటే, 1 సెం.మీ. × 1 సెం.మీ. పొడవు మాత్రం తెలుపు 1 సెం.మీ., ఎరుపు 2, లేత ఆకుపచ్చ 3, ఊదా 4, పసుపు 5, ముదురు ఆకుపచ్చ 6, నలుపు 7, గోధుమ రంగు 8, నీలం 9, నారింజ 10. రంగుల ఎంపికలోనూ లెక్క ఉంది: 2, 4, 8 ఎరుపు ఛాయల కుటుంబం, 3, 6, 9 నీలం-ఆకుపచ్చ కుటుంబం, 5, 10 పసుపు కుటుంబం. ఎవరితోనూ చుట్టరికం లేని 7 నల్లగా మిగిలిపోయింది.

మామూలుగా దొరికే చిన్న సెట్‌లో తెలుపు 22, ఎరుపు 12, లేత ఆకుపచ్చ 10, ఊదా 6, మిగతా ఆరు రంగులు నాలుగేసి, మొత్తం 74 ఉంటాయి. అన్నీ ఒకే వరుసలో పేరిస్తే 280 సెం.మీ. రావాలి. కొన్న రోజు ఒకసారి, తర్వాత నెలకోసారి టేపు పెట్టి ఈ వరుస కొలిస్తే ఎన్ని పోయాయో లెక్కపెట్టే పని ఉండదు. పిల్లలకు అది ఆటగానూ ఉంటుంది. రెండు సెం.మీ. తగ్గిందంటే ఒక ఎరుపో, రెండు తెలుపులో ఎక్కడో సోఫా కింద ఉన్నట్టు.

ఇప్పుడు అసలు లెక్క. గుణకారం నేర్పాలంటే ఒకే రంగు కడ్డీలు పక్కపక్కన పేర్చి దీర్ఘచతురస్రం కట్టాలి. మూడు ఊదా కడ్డీలు పేరిస్తే 3 × 4. దాని మీద నాలుగు లేత ఆకుపచ్చలు అడ్డంగా కప్పితే సరిగ్గా సరిపోతాయి. 3 × 4, 4 × 3 ఒకటేనని నోటితో చెప్పాల్సిన పనే ఉండదు. ఇంతవరకు హాయి. 5 × 5 చతురస్రానికి మాత్రం ఐదు పసుపులు కావాలి, డబ్బాలో ఉన్నవి నాలుగే. అంటే ఒకే రంగుతో కట్టే చతురస్రాలు ఈ సెట్‌లో 4 × 4 దగ్గరే ఆగిపోతాయి. వందల పలక, అంటే 10 × 10 చతురస్రం కట్టడానికి పది నారింజలు కావాలి, ఉన్నవి నాలుగు. రెండు సెట్లు కలిపినా ఎనిమిదే, కాబట్టి 8 × 8 దాకా వెళ్లొచ్చు, 9 × 9 కుదరదు. ఘనాల విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. 3 ఘనానికి లేత ఆకుపచ్చలు తొమ్మిది చాలు, పది ఉన్నాయి. 4 ఘనానికి పదహారు ఊదాలు కావాలి. రెండు సెట్లున్నా పన్నెండే.

దీనికి గాటెన్యో పద్ధతిలోనే మంచి ఉపాయం ఉంది: ఒక కడ్డీ మీద ఇంకో కడ్డీని అడ్డంగా, కూడిక గుర్తులా పెట్టి దాన్ని గుణకారంగా చదవడం. నలుపు మీద నలుపు అంటే 7 × 7. రెండు కడ్డీలతో పని అయిపోతుంది. అయితే దీర్ఘచతురస్రాన్ని చేత్తో కట్టి చూసిన పిల్లలకే ఈ గుర్తు అర్థమవుతుంది. ఎక్కాలు త్వరగా రావాలని నేరుగా గుర్తు దగ్గరికి వెళితే, అది వాళ్లకి రెండు పుల్లలుగానే మిగులుతుంది. ముందు 2, 3, 4 ఎక్కాలు కట్టించి, ఆ తర్వాతే గుర్తుకు మారండి.

కారణాంకాల పాఠానికి మాత్రం ఈ సెట్ కొలిచి చేసినట్టు ఉంటుంది. 24 పొడవు రైలు, అంటే కడ్డీల్ని కొసకి కొస ఆనించి పేర్చిన వరుస తీసుకోండి. ఎరుపులు పన్నెండు, లేత ఆకుపచ్చలు ఎనిమిది, ఊదాలు ఆరు, ముదురు ఆకుపచ్చలు నాలుగు, గోధుమ రంగువి మూడు అన్నీ ఒకదాని కింద ఒకటి ఒకేసారి పేర్చొచ్చు. తెలుపులు మాత్రం రెండు తక్కువ. ఇక్కడొక చిక్కు ఉంది. పైన 24 చూపించే కొలమాన వరుసకి రెండు నారింజలు, ఒక ఊదా పెట్టారనుకోండి, కింది వరుసలో ఊదాలు ఐదే మిగులుతాయి. కొలమానానికి ఒక నారింజ, రెండు నలుపులు పెట్టండి. ఆ రెండు రంగులూ కింది వరుసల్లో అక్కర్లేదు.

భిన్నాల దగ్గర ఈ కడ్డీలు నిజంగా మెరుస్తాయి. మొత్తం ఎంత అన్నది మీ ఎంపిక కావడమే ఇందులో గొప్ప. నారింజ, ఎరుపు కలిపి 12 పొడవుని ఒకటి అనుకుంటే సగం ముదురు ఆకుపచ్చ, మూడోవంతు ఊదా, పావు లేత ఆకుపచ్చ, ఆరోవంతు ఎరుపు. మూడోవంతు, పావు కలపాలంటే ఊదా పక్కన లేత ఆకుపచ్చ పెట్టాలి. ఆ పొడవు నలుపంత. తెలుపు పన్నెండోవంతు కాబట్టి జవాబు 7/12. హారాలు సమానం చేయడమనే తంతు ఎందుకో పిల్లలే కనిపెడతారు. తల్లిదండ్రులు ఎక్కువగా తప్పేది నారింజ ఒక్కదాన్నే మొత్తంగా తీసుకోవడంలో. 10ని మూడుతో భాగించలేం, అందుకే మూడోవంతుకి కడ్డీయే ఉండదు. పాఠం రాసుకునేటప్పుడు కావలసిన హారాల క.సా.గు. చూసుకుని ఆ పొడవునే మొత్తంగా పెట్టుకోవాలి. దశాంశాల రోజున మాత్రం నారింజ ఒకటి, తెలుపు 0.1.

అందుకే కడ్డీల మీద అంకెలు అచ్చువేసిన సెట్లు వద్దంటాను. ఎరుపు మీద 2 అని రాసి ఉంటే రేపు అదే ఎరుపు ఆరోవంతు ఎలా అవుతుంది? సెంటీమీటరుకో గాడి ఉన్న ప్లాస్టిక్ కడ్డీలదీ దాదాపు అదే బాధ. పిల్లలు పొడవు చూడడం మానేసి గాళ్లు లెక్కపెడతారు. ఒకదానికొకటి తగిలించే రకం కారులో బాగుంటుంది. బల్ల మీద మాత్రం పక్కపక్కన జరిపి పోల్చడానికి అడ్డం వస్తుంది.

చెక్కా, ప్లాస్టికా అంటే, చెక్క చేతికి హాయిగా ఉంటుంది, బల్ల మీద తక్కువ జారుతుంది. కొలతలో తేడా వచ్చేదీ చెక్కలోనే. పది తెలుపులు వరుసగా పెట్టి పక్కన నారింజ పెట్టి చూడండి. తెలుపు ఒక్కోటి 0.2 మి.మీ. ఎక్కువున్నా పదింటికి 2 మి.మీ. అవుతుంది, పిల్లల కంటికి అది కనిపిస్తుంది. రంగు పూత మందం కూడా ఇందులో కలుస్తుంది. పది తెలుపుల వరుసలో పూత పూసిన చివరలు ఇరవై, నారింజకి రెండే. ఐదు ఎరుపులు, రెండు పసుపులతో కూడా పరీక్షించి, ఒక మిల్లీమీటరు దాటి తేడా ఉంటే సెట్ వెనక్కి పంపేయండి. 'ఇవి సమానమే అనుకో' అని నచ్చచెప్పాల్సి వస్తే ఈ సామాను కొన్నందుకు ప్రయోజనమే లేదు. చెక్కవాటిని తడిగుడ్డతో తుడవాలి, నానబెట్టకూడదు. ప్లాస్టిక్‌వి సబ్బునీళ్లలో కడుక్కోవచ్చు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న కడ్డీలు, ముఖ్యంగా తెలుపులు గొంతుకు అడ్డంపడే సైజువని మరవొద్దు. మూత బిగుసుకునే డబ్బా, పైఅర తప్పనిసరి.

ప్రణాళిక సంగతి. 36 వారాల ఏడాది అనుకుందాం. ఐదు వారాల పాఠం, ఆరో వారం ఖాళీ, ఇలా ఆరు విడతలు. వారానికి నాలుగు రోజుల చొప్పున 120 పాఠాలు వస్తాయి. ఖాళీ వారంలో వెనకబడినవి పూర్తిచేయాలి తప్ప కొత్తది మొదలుపెట్టకూడదు. జ్వరాలు, ప్రయాణాలు, చుట్టాలు అన్నీ ఆ వారంలోకే సర్దుకుంటాయి. ఆరేళ్ల పిల్లలకి మొదటి విడతలో మొదటి రెండు వారాలు ఉత్త ఆటే. కోటలు కడతారు, కట్టనివ్వండి. 'ఇదెంత?' అని అడగొద్దు. తర్వాత పొట్టి నుంచి పొడుగు దాకా పేర్చే మెట్లు, సమానమైన రైళ్లు. రెండో విడత 10 లోపు కూడిక, మూడోది తీసివేత, నాలుగోది 11 నుంచి 20, ఐదోది రెట్టింపులు, సగాలు, 2, 5 ఎక్కాలు. ఆరో విడతలో 100 దాకా వెళ్లాలంటే నారింజలు చాలవని పైనే చూశాం. బేస్ టెన్ బ్లాకుల్లోని (ఒకట్లు, పదులు, వందలు చూపించే దిమ్మెల్లోని) పది కడ్డీ సాధారణంగా ఇదే కొలతలో ఉంటుంది కాబట్టి అప్పటికి అవి తెచ్చుకుంటే రెండూ కలిపి వాడొచ్చు. స్థాన విలువలకి రెండో క్విజనేర్ సెట్ కంటే అదే మేలు.

వారంలో మొదటి రోజు కడ్డీలతో కొత్త విషయం, రెండో రోజు కట్టినది నోటుపుస్తకంలో గీయడం, మూడో రోజు పుస్తకమే, డబ్బా మాత్రం చేతికందే దూరంలో. నాలుగో రోజు నోటిలెక్కలు. చిన్నవాళ్లకి 20 నిమిషాలు దాటనివ్వొద్దు. సర్దడానికి ఐదు నిమిషాలు విడిగా రాసుకోండి, లేకపోతే ఆ ఐదు నిమిషాలు తర్వాతి పాఠం నుంచి పోతాయి. గీయడానికి రంగుల పేర్ల మొదటి అక్షరాలు వాడొచ్చు గానీ, అప్పుడే చదవడం నేర్చుకుంటున్నవాళ్లకి న, నా, నీ మూడూ కలిసిపోతాయి. రంగు పెన్సిలుతో గీతే నయం. సెంటీమీటరు గళ్ల కాగితం ప్రింట్ తీసేటప్పుడు 'పేజీకి సరిపెట్టు' ఎంపిక తీసేసి 100 శాతంలోనే తీయండి. 97 శాతానికి కుదించుకుపోయిందంటే పది గళ్లు 9.7 సెం.మీ. అవుతాయి, నారింజ కడ్డీ గళ్లు దాటి బయటికొస్తుంది.

13 − 8 లాంటివి నేర్పేటప్పుడు ఒక్క మాట. నారింజ, లేత ఆకుపచ్చ కలిపి 13 పెట్టి, కింద గోధుమ రంగు కడ్డీ పెడితే ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని తెలుపులతో నింపి లెక్కపెట్టడం పిల్లలకి తొలి అలవాటు. అలవాటు ముదిరితే కడ్డీలున్నా వేళ్ల లెక్కే సాగుతుంది. ఆ రోజుకి తెలుపులు ఒకటో రెండో ఉంచి మిగతావి డబ్బాలో మూసేయండి. నారింజకి తక్కువైన ఎరుపు, దాని పక్కన లేత ఆకుపచ్చ, రెండూ కలిస్తే పసుపు అని చూస్తారు. పది మీదుగా వెళ్లడం అక్కడే పట్టుబడుతుంది.

ఒకే బల్ల దగ్గర ఇద్దరు పిల్లలుంటే ఒక సెట్ చాలా? ఇద్దరి పాఠాల జతలు సరిచూసుకుంటే చాలు. చిన్నవాళ్లు 10కి గోడ (ఒక్కో వరుస 10 అయ్యేలా రెండేసి కడ్డీలు ఒకదాని కింద ఒకటి పేర్చడం) కడితే 1 నుంచి 9 వరకు రెండేసి, ఒక నారింజ పడతాయి. అదే సమయంలో పెద్దవాళ్లు 12 పొడవుని మొత్తంగా పెట్టుకుని భిన్నాలు చేయొచ్చు. ముదురు ఆకుపచ్చలు సరిగ్గా నాలుగూ ఖర్చవుతాయి, మిగతావి మిగులుతాయి. పెద్దవాళ్లది 24 కారణాంకాల రోజయితే మాత్రం ఎరుపులకి, ఊదాలకి, ముదురు ఆకుపచ్చలకి, గోధుమ రంగువాటికి గొడవ తప్పదు. ఆ రోజు చిన్నవాళ్లకి నోటిలెక్కలు పెట్టుకోండి.

ఎక్కాలు బట్టీ రావడానికి, పెద్ద అంకెల భాగహారానికి, మాటల లెక్కలకి ఈ డబ్బా ఏమీ చేయదు. వాటికి పుస్తకం వేరే ఉండాలి.

కొనేముందు పిల్లలకి నచ్చుతుందో లేదో చూడాలంటే A4 గళ్ల కాగితం ఒకటి చాలు. అంచులు పోను 19 × 27, అంటే 513 గళ్లు వస్తాయి, మొత్తం సెట్‌కి కావలసినవి 280. దళసరి అట్టకి అంటించి రంగులేసి కత్తిరించండి. గోడలు, రైళ్లు, భిన్నాలకి పనికొస్తాయి, ఘనాలకి పనికిరావు. తర్వాత అసలు సెట్ తీసుకుని, కొన్నాళ్లకి రెండోది కావాలనిపిస్తే అదే తయారీదారుది తీసుకోండి. వేరే కంపెనీదైతే కలిపేముందు రెండు సెట్ల నారింజల్ని పక్కపక్కన నిలబెట్టి చూడండి, ఎరుపు, ఊదా ఛాయలు కూడా పోల్చండి. తేడా ఉంటే వేర్వేరు డబ్బాల్లోనే ఉంచి, ఒక్కో పిల్లకి ఒక్కో డబ్బా ఇచ్చేయండి.