మేడ మీది మొక్కలకు గాలి అడ్డు: 50 శాతం షేడ్ నెట్

మాది విశాఖ, సముద్రానికి దగ్గర్లో నాలుగంతస్తుల మేడ. మధ్యాహ్నం గాలి మొదలైతే చాలు, కుండీలో మట్టి తడిగా ఉన్నా వంగ, బెండ వాడిపోయేవి. నీళ్లు చాలట్లేదేమో అని ఇంకా పోసేదాన్ని, అది తప్పు. ఆకును అంటుకుని ఉండే పల్చటి తేమ పొరను జోరుగాలి ఊడ్చేస్తుంది, వేర్లు అందించే దానికంటే వేగంగా నీరు పోతుంటే మొక్క పత్రరంధ్రాలు మూసుకుంటుంది, అప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా సరిగా లోపలికి వెళ్లదు, దాంతో కిరణజన్య సంయోగక్రియ తగ్గి ఎదుగుదల కుంటుపడుతుంది.

అందుకే గాలి వచ్చే వైపు 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్ (దాదాపు సగం ఎండను ఆపే వల) నిలువుగా కట్టాను. రేకు కంటే ఇదే మేలు. గట్టి అడ్డు పెడితే గాలి పైనుంచి దూకి వెనక సుడి తిరుగుతుంది, నెట్ కొంత గాలిని వదులుతూనే వేగం తగ్గిస్తుంది. ఇప్పుడు బెండ ఆకులు చిరగకుండా వెడల్పుగా వస్తున్నాయి, చూస్తుంటే ఎంత సంతోషమో!

ఉదయం ఎండ కొంచెం తగ్గింది, పర్లేదు. కానీ తాడు కట్టే రింగులు రెండు నెలలకే ఊడాయి, షాపువాళ్లు మార్చలేదు. అంచు మడిచి కుట్టించుకోండి. నాలుగు వైపులా మాత్రం మూసేయకండి, కాస్త ఊగితేనే కాండం పొట్టిగా, లావుగా గట్టిపడుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే ముందే విప్పేయండి.