నోని జ్యూస్: లేబుల్ మీద రాసినంత సీన్ లేదు

ముందు వాసన సంగతి చెప్తా, మూత తీయగానే ముక్కిపోయిన చీజ్ కంపు గుప్పున కొడుతుంది, పక్క గదిలోంచి కూడా వచ్చి ఏంటిది అని అడుగుతారు. పాడైందనుకుని రిటర్న్ పెట్టేయకండి, మాగిన నోని పండులో ఆక్టనోయిక్, హెక్సనోయిక్ యాసిడ్లు ఉంటాయి, ఆ కంపు వాటిదే. ముక్కు మూసుకుంటే తాగొచ్చు. ప్యాకింగ్ బానే ఉంది, సీల్ గట్టిగా ఉంది.

నాకు చిరాకేసింది లేబుల్ చూసి. "యాంటీ క్యాన్సర్" అని పెద్దక్షరాల్లో రాసి కింద డామ్నకాంథాల్, జిరోనిన్ అని రెండు పేర్లు పెట్టారు. జిరోనిన్ అనేది హైనికే అనే బయోకెమిస్ట్ నోనిలో ఉందని చెప్పిన పదార్థం, ఇంతవరకు దాన్ని విడదీసి ఇదిగో అని చూపించిన వాళ్ళే లేరు. డామ్నకాంథాల్ మాత్రం నిజంగానే ఉంది, 1993లో జపాన్ వాళ్ళు రాస్ అనే జీన్ వల్ల క్యాన్సర్ లక్షణాలొచ్చిన కణాల మీద వేసి చూస్తే అవి మళ్ళీ మామూలు కణాల్లా మారాయి, కాకపోతే వాళ్ళు దాన్ని తీసింది నోని వేరు నుంచి, అదీ క్లోరోఫామ్ అనే ద్రావకంతో! బాటిల్లో ఉన్నదేమో పండు రసం. వేరు తెచ్చుకున్న మార్కులు పండు ఖాతాలో వేసేశారన్నమాట.

నోనిలో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయని కూడా అంటారు, ఉన్నమాట నిజమే, స్కోపొలెటిన్, రుటిన్, విటమిన్ సి ఉంటాయి. కానీ ఆ టెస్టులు ఎక్కువగా డీపీపీహెచ్ లాంటివి, అంటే డీపీపీహెచ్ అనే రసాయనం కలిపిన ఊదారంగు ద్రావణం ఎంత వెలిసిపోయిందో కొలుస్తారు, అది టెస్ట్‌ట్యూబ్ సంగతి, తాగాక పేగులు లివర్ దాటి రక్తంలోకి ఎంత వెళ్తుందో దాంతో తెలీదు కదా. హవాయి యూనివర్సిటీలో క్యాన్సర్ పేషెంట్లకి నోని పండు పొడి క్యాప్సూల్స్ ఇచ్చి చూశారు, ట్యూమర్లు తగ్గలేదు. ఇది లేబుల్ మీద ఎందుకు రాస్తారు లెండి.

ఇంకోటి, పొటాషియం. ఓ స్టడీలో నోని జ్యూస్‌ని కొలిచి చూస్తే లీటరుకి దాదాపు 56 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే ఆరెంజ్ జ్యూస్ లెవెల్. కిడ్నీ ప్రాబ్లం ఉండి పొటాషియం తగ్గించమన్న వాళ్ళు దీని జోలికి పోవద్దు, కీమో నడుస్తున్నవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా మొదలెట్టొద్దు.

జ్యూస్‌గా అయితే మూడు స్టార్లు ఇచ్చేవాణ్ణి, ఆ లేబుల్ వల్ల ఒకటే ఇస్తున్నా.